నవ్వు కూడా జనరల్ సీటేనా? (నాలుగో భాగం: పు.ల. దేశ్‌పాండే, అన్నాభావు సాఠే)



పోయిన భాగం చదివి ఒక తమ్ముడు ఇన్‌బాక్స్‌లో రాశాడు. "అన్నా, క్లాసులో రిజర్వేషన్ మీద జోకేశారు. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. మీవాళ్ళకి సెన్సాఫ్ హ్యూమర్ ఉండదురా అన్నారు. ఏం చెప్పాలన్నా?"

తమ్ముడూ, దీనికి రెండు లైన్లలో జవాబు రాయలేక వారం రోజులు ఆగాను. ఈ మాట నేనూ పడ్డాను. పుణేలో చదువుకునే రోజుల్లో, నాకు చాలా ఇష్టమైన ఒక రచయిత గురించి మాట్లాడుకుంటున్నప్పుడే పడ్డాను. అందుకే ఈ భాగం ఆయన గురించి. తెలుగువాళ్ళకి ఆయన పెద్దగా తెలియకపోవచ్చు. చివరిదాకా చదివితే, ఇది మన క్లాస్‌రూమ్ గొడవేనని అర్థమవుతుంది.

మా రూమ్‌లో నలుగురం. ఆదివారం పొద్దున మరాఠీ మిత్రుడు ఫోన్‌ని స్టీలు గ్లాసులో నిలబెట్టి పు.ల. దేశ్‌పాండే రికార్డింగ్ పెట్టేవాడు. స్టేజీ మీద ఒక్కడే మనిషి. ఆయన గొంతులోంచి మాత్రం పదిమంది దిగేవాళ్ళు. బస్సు గేదెని గుద్దేసిన కథ ఒకటుంది, 'మ్హైస్'. డ్రైవరు, కండక్టరు, గేదెగలాయన, ఊళ్ళో లీడరు, అందరి గొంతులూ ఆయనవే. నాకు అప్పటికి మరాఠీ సగమే వచ్చు. అయినా కడుపు పట్టుకుని నవ్వాను. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నా. పు.ల. అంటే నాకు పగ లేదు. రాసేది ఇష్టపడ్డవాడి లెక్క.

పురుషోత్తమ్ లక్ష్మణ్ దేశ్‌పాండే 1919 నవంబర్ 8న ముంబైలో పుట్టాడు. సారస్వత బ్రాహ్మణ కుటుంబం. రచయిత, నటుడు, గాయకుడు, హార్మోనియం వాద్యకారుడు, సంగీత దర్శకుడు, సినిమా దర్శకుడు. 'తుఝే ఆహే తుజపాశీ' లాంటి సొంత నాటకాలు రాశాడు. గొగోల్‌ని, షాని, బ్రెహ్ట్‌ని మరాఠీ నేల మీదికి దింపాడు. 'వ్యక్తీ ఆణి వల్లీ' అనే పుస్తకానికి సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. 2000 జూన్ 12న పుణేలో పోయాడు. మరాఠీవాళ్ళు ఆయన్ని ఇంట్లో మనిషిలా 'భాయీ' అంటారు, మహారాష్ట్ర ముద్దుబిడ్డ అంటారు. ఆయన మాట వాళ్ళకి సామెత.

నా పేచీ ఇక్కడ మొదలవుతుంది. మహారాష్ట్ర ముద్దుబిడ్డ అన్నప్పుడు, ఆ మహారాష్ట్ర ఎవరు?

ఆయన పేరు చెప్పగానే గుర్తొచ్చే పుస్తకం 'బటాట్యాచీ చాళ్'. చాళ్ అంటే ముంబైలో వరసగా ఒక్కో గది ఇళ్ళుండే పాత బిల్డింగు. పొడుగాటి వరండా ఒకటే, నీళ్ళ కుళాయీ పాయిఖానాలూ ఉమ్మడివి. పు.ల. చాళ్ గిర్‌గావ్ ప్రాంతపు జీవితం. అన్నా పావషే, ఆచార్య బర్వే, జనోబా రేగే, నాడకర్ణి, కోచరేకర్ మాస్టరు. జీతం చాలని గుమాస్తాలు, పంతుళ్ళు. ఒకాయన లావు తగ్గాలని ఉపవాసం మొదలెడితే చాళ్ మొత్తం సలహాలిస్తుంది. డాబా వాడుకునే హక్కు కోసం అద్దెకున్నవాళ్ళంతా ఉద్యమం నడుపుతారు. సంయుక్త మహారాష్ట్ర ఉద్యమంలో ముంబై కోసం ఇచ్చిన నినాదాన్నే పు.ల. డాబా మీదికి తిప్పి వాడాడు. గొప్ప జోకు, ఒప్పుకుంటా.

కానీ ఆ ముఖ్యపాత్రల ఇంటిపేర్లు మళ్ళీ ఒకసారి చదవండి. ఆ వరండాలో నా ఇంటిపేరు ఎక్కడుంది?

గిర్‌గావ్ నుంచి నాగ్‌పాడా వైపు రెండు మూడు కిలోమీటర్లు నడిస్తే కావాఖానా. దయా పవార్ చిన్నతనం గడిచిన చోటు. 1978లో వచ్చిన 'బలుతం'లో ఆ కావాఖానా ఉంది. అక్కడా ఉమ్మడి నీళ్ళే, ఇరుకు గదులే, తగువులే, తాగుడే. పరేల్ బి.ఐ.టి. చాళ్‌లో బాబాసాహెబ్ ఏళ్ళ తరబడి బతికాడు. అదీ చాళే. ముంబైలో చాళ్‌లకేం కొదవ? ఒక చాళ్‌ని మాత్రం 'మధ్యతరగతి జీవితం' అన్నారు, 'మరాఠీ మనిషి కథ' అన్నారు. ఇంకో చాళ్ కథని 'దళిత ఆత్మకథ' అన్నారు. మొదటిదానికి కులం పేరు పెట్టలేదు. రెండోదానికి కులం తప్ప ఇంకో పేరు పెట్టలేదు.

'వ్యక్తీ ఆణి వల్లీ'కి రండి. పు.ల. చూసిన రకరకాల మనుషుల బొమ్మలు అందులో ఉన్నాయి. రత్నగిరి అంతూ బర్వా, చితళే మాస్టరు, హరితాత్యా, ఎవరింట పెళ్ళైనా భుజానేసుకునే నారాయణ్. చదివి కళ్ళు తుడుచుకున్న రోజులున్నాయి నాకు. వీళ్ళ మధ్యలో ఒకడు నామూ పరీట్. పరీట్ అంటే చాకలి. గిరాకీల బట్టలు తానే తొడుక్కు తిరుగుతాడు, అడిగితే సిగ్గు లేకుండా ఏదో ఒకటి చెప్తాడు. పు.ల. వాణ్ణి తిట్టలేదు. ముచ్చటగానే రాశాడు.

ఈ జోకు మనకి కొత్తా? మన సినిమాల్లో, మన అరుగుల మీద 'చాకలోడు మన చొక్కా వేసుకుని పెళ్ళికెళ్ళాడు' అని ఎన్నిసార్లు వినలేదు? చితళే మాస్టరు చితళే మాస్టరే. ఆయన మతిమరుపు, ఆయన చెప్పులు ఆయన ఒక్కడివే. నామూ దొంగబుద్ధి మాత్రం నామూతో ఆగదు. చదివినవాడు పుస్తకం మూసి, ఇంటికొచ్చే చాకలిని చూసి 'వీడూ అంతే' అనుకుంటాడు. బ్రాహ్మడి మీద జోకు ఒక మనిషి మీద జోకుగా మిగిలిపోతుంది. చాకలి మీద జోకు కులమంతా మోయాలి. రాసినవాడికి ప్రేమ ఉన్నంత మాత్రాన ఈ బరువు తగ్గదు. పైగా పరీట్‌కి కనీసం బట్టల మూటతో గుమ్మం దాకా వచ్చే దారుంది. అంటరానివాడికి ఆ గుమ్మమూ లేదు.

'తీ ఫులరాణీ' 1975 నాటకం. షా రాసిన 'పిగ్మేలియన్'కి మరాఠీ రూపం. పూలమ్ముకునే మంజు మాట 'అశుద్ధం' అని, ఒక ప్రొఫెసరు పందెం వేసి ఆమెకి 'శుద్ధ' మరాఠీ నేర్పుతాడు. ఆ ప్రొఫెసరు పొగరు మీద పు.ల. గట్టి దెబ్బే వేశాడు. తనని అవమానించినవాడికి బుద్ధి చెప్తానని మంజు రగిలిపోయే ఘట్టం భక్తి బర్వే గొంతులో మరాఠీ రంగస్థలానికే గుర్తుండిపోయింది. హాలంతా చప్పట్లు. బాగుంది. ఆ చప్పట్లు కొట్టినవాళ్ళు ఇంటికెళ్ళి పనిమనిషికి టీ ఏ గ్లాసులో పోశారు? పన్నెండో తరగతి దాకా ఊళ్ళో చదివి కాలేజీకొచ్చిన మహార్ పిల్ల సెమినార్‌లో నోరు తెరిస్తే ఎవరు కిసుక్కుమన్నారు? 'శుద్ధం' అనే మాట వ్యాకరణం నుంచి వచ్చిందా, మడి నుంచి వచ్చిందా? మన దగ్గర శ్రీకాకుళం యాసా తెలంగాణ యాసా ఎన్నాళ్ళు సినిమాల్లో నౌకరుకీ రౌడీకీ రాసిపెట్టారో మీకు చెప్పక్కర్లేదు.

ఇప్పుడు ఇంకో మనిషి గురించి చెప్తా.

పు.ల. పుట్టిన తొమ్మిది నెలలకి, 1920 ఆగస్టు 1న, సాంగ్లీ జిల్లా వాటేగావ్‌లో మాంగ్‌వాడాలో ఒకడు పుట్టాడు. మాంగ్ అంటే మన మాదిగ అనుకోండి. అన్నాభావు సాఠే. బడి ముఖం చూసింది ఒకటిన్నర రోజు అని చెప్పుకుంటారు. ఊళ్ళో బతకలేక ఆ కుటుంబం కాలినడకన ముంబై చేరింది. గోడల మీద సినిమా పోస్టర్లు చూసి అక్షరాలు కూడబలుక్కున్నాడు. మిల్లులో పనిచేశాడు. 1944లో అమర్ షేఖ్, గవాణ్‌కర్‌లతో కలిసి 'లాల్ బావటా కళాపథక్' పెట్టాడు. 'ఫకీరా' నవల రాసి బాబాసాహెబ్ కలానికి అంకితమిచ్చాడు. సంయుక్త మహారాష్ట్ర కోసం మిల్లు గేట్ల దగ్గర పాడాడు. ఏ ఉద్యమ నినాదం మీద పు.ల. డాబా జోకు కట్టాడో, ఆ ఉద్యమానికి గొంతు ఇచ్చినవాడు ఈయన.

అన్నాభావు అనగానే మీకు డఫు పట్టుకుని ఎర్రబడ్డ కళ్ళతో పాడే మనిషి గుర్తొస్తాడు. అది సగం బొమ్మ. మిగతా సగం దాచేశారు. ఆయన హాస్యకారుడు. 'అకలేచీ గోష్ట్', 'దేశభక్త ఘోటాళే', 'లోకమంత్ర్యాంచా దౌరా' అన్నీ ఆయన వ్యంగ్య లోకనాట్యాలే. 'దేశభక్త ఘోటాళే' అంటే దేశభక్తుడు కుంభకోణాలరావు. పేరులోనే జోకు ఎవరి మీదో తెలిసిపోతుంది! పగలంతా మగ్గం దగ్గర నిలబడి కాళ్ళు వాచిన మిల్లు కార్మికులు ఆ నాట్యాలు చూసి నవ్వారు. తమాషా గణపతి స్తుతితో మొదలవ్వాలని ఆచారం. అన్నాభావు దాన్ని పక్కనపెట్టి మట్టికీ శ్రమజీవులకీ దండం పెట్టి ఆట మొదలెట్టాడు. దేవుణ్ణి తీసేసి జనాన్ని నవ్వించాలంటే ఎంత ధైర్యం కావాలి, ఎంత హాస్యం తెలిసుండాలి?

తమాషా ఎవరి కళ? మహార్లది, మాంగులది, కొల్హాటీ ఆడవాళ్ళది. వాళ్ళు ఆడినన్నాళ్ళూ అది బూతు. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తల్లో బొంబాయి ప్రభుత్వం దాన్ని నిషేధించింది కూడా. చదువుకున్నవాళ్ళు దాని చట్రం తీసుకున్నాక అది గౌరవమైన రంగస్థలమైంది. పు.ల. కూడా రాష్ట్ర సేవాదళ్ కోసం 'పుఢారీ పాహిజే' అనే లోకనాట్యం రాశాడు. 1978లో బ్రెహ్ట్ నాటకాన్ని 'తీన్ పైశాచా తమాషా'గా చేశాడు. రాయకూడదని నేను అనట్లేదు. కళకి కంచె వెయ్యమని అడగట్లేదు. మా ఇంట్లో ఉంటే బూతు, మీ ఇంటికొస్తే ప్రయోగం ఎలా అయిందని అడుగుతున్నా.

ఇద్దరూ యాత్రాకథలు రాశారు. పు.ల. యూరప్ వెళ్ళొచ్చి రాసిన 'అపూర్వాయీ' మరాఠీ మధ్యతరగతి ఇళ్ళలో అల్మారా నగ. అన్నాభావు 1961లో రష్యా వెళ్ళొచ్చి పుస్తకం రాశాడు. నా మరాఠీ మిత్రుణ్ణి అడిగితే, "అన్నాభావు రష్యా వెళ్ళాడా?" అన్నాడు. వాడు మరాఠీ సాహిత్యంలో ఎం.ఏ.

అన్నాభావు ఘాట్‌కోపర్ చిరాగ్‌నగర్ గుడిసెల్లో బతికి, 1969 జూలై 18న పేదరికంలోనే పోయాడు. నలభై తొమ్మిదేళ్ళు నిండలేదు. ముంబై ప్రభాదేవిలో పు.ల. దేశ్‌పాండే పేరుతో ప్రభుత్వ కళా అకాడమీ ఉంది. అన్నాభావు పేరుతో ప్రభుత్వం 1985లో ఒక కార్పొరేషన్ పెట్టింది, మాతంగ్ కులస్థుల అభివృద్ధి కోసం. ఆయన పేరుతో నాట్యగృహాలూ ఉన్నాయి, కాదనను. కానీ గమనించండి. ఒకరి పేరు కళకి పెట్టారు, అందరిదీ అన్నారు. ఇంకొకరి పేరు కులం లోన్లకి పెట్టారు, మీదే అన్నారు.

ఇప్పుడు కామెంట్లలో ఏమొస్తుందో నాకు తెలుసు. "పు.ల. మంచివాడు కదా, ఆయన మీద ఎందుకు పడ్డావ్?"

మంచివాడే. ఎమర్జెన్సీలో చాలామంది నోరు మూసుకుంటే ఆయన బయటికొచ్చి, 1977 ఎన్నికల్లో ఊరూరా మాట్లాడాడు. 1996లో శివసేన ప్రభుత్వం మహారాష్ట్ర భూషణ్ ఇస్తే, తీసుకున్న చేత్తోనే ఆ ప్రభుత్వపు దౌర్జన్యాన్ని తప్పుపట్టాడు. ఒకప్పుడు బళ్ళో ఆయన దగ్గర చదువుకున్న బాల్ ఠాక్రే ఆయన్నే ఎగతాళి చేశాడు. ప్రదర్శనల మీద వచ్చిన డబ్బు ట్రస్టుకిచ్చాడు. పుణే 'ముక్తాంగణ్' వ్యసన విముక్తి కేంద్రం ఆ సాయంతో నిలబడింది. 'బలుతం' వచ్చినప్పుడు సవర్ణ పాఠకులు ముక్కు మూసుకుంటుంటే, దాన్ని మెచ్చుకుంటూ వ్యాసం రాసిన పెద్దమనిషీ ఆయనే. ఇవన్నీ నిజాలు. వీటికి దండం.

నా తగాదా ఆయన మంచితనంతో కాదు, ఆయన్ని కొలువుదీర్చిన ఏర్పాటుతో. ప్రశ్నిస్తే ప్రేమ పోతుందనుకునేవాళ్ళు ఆయన భార్య సునీతా దేశ్‌పాండే 1990లో రాసుకున్న 'ఆహే మనోహర్ తరీ' చదవండి. జీవితమంతా ఆయనతో నడిచిన మనిషే ఆయన్ని నిలబెట్టి అడిగింది. ఆమెకున్న హక్కు పాఠకుడికీ ఉంది.

'బలుతం' సంగతే తీసుకోండి. ఆ పుస్తకంలో ఏడుపు ఒక్కటే ఉందా? దగ్డూ మారుతి పవార్ అనే పల్లె మనిషి తన కథని దయా పవార్ అనే చదువుకున్న మనిషికి చెప్తాడు. ఇద్దరూ ఒక్కడే! తనని తానే ఎదురుగా కూర్చోబెట్టుకునే ఆ ఎత్తులోనే ఎంత వెటకారముంది. తన పేరు మీద, తన పిరికితనం మీద, తన సంసారం మీద తనే వేసుకున్న చురకలున్నాయి. చదివినవాళ్ళు మాత్రం "అయ్యో పాపం" అన్నారు. మేం ఏడిస్తే సాహిత్యం. మేం నవ్విస్తే ఎవరికీ వినపడదు. విషాదం మాకిచ్చిన కోటా. హాస్యం వాళ్ళ జనరల్ సీటు.

ఆ సీటు నిజానికి మొదట ఎవరిది? 1855లో జోతిరావు ఫులే 'తృతీయ రత్న' అనే నాటకం రాశాడు. గర్భిణిగా ఉన్న కున్‌బీ రైతు భార్యని జోస్యం పేరుతో భయపెట్టి, ఆ పేద ఇంటిని దోచుకునే బ్రాహ్మణ జోశీ కథ. ఆ నాటకం పొడుగునా ఒక విదూషకుడుంటాడు. జోశీ ఒక్కో అబద్ధం చెప్తుంటే ఈ విదూషకుడు పక్కనుంచి గుట్టు విప్పుతుంటాడు. సంస్కృత నాటకంలో విదూషకుడు రాజుగారి పక్కన తిండి కోసం తిరిగే బ్రాహ్మడు. ఫులే వాణ్ణి లాక్కొచ్చి శూద్రుడి పక్కన నిలబెట్టాడు. ఆ నాటకాన్ని దక్షిణ ప్రైజ్ కమిటీకి పంపితే వాళ్ళు తిప్పికొట్టారు. నూట డెబ్భై ఏళ్ళుగా ఆ విదూషకుడు బయటే నిలబడి ఉన్నాడు. సత్యశోధక్ జల్సాల్లో వాడే ఆడాడు. భీమ్‌రావ్ కర్డక్ లాంటివాళ్ళు నడిపిన అంబేద్కరీ జల్సాల్లో వాడే ఆడాడు. అన్నాభావు వాడికి ఎర్రజెండా ఇచ్చాడు. మరాఠీ హాస్యం చరిత్ర రాసేవాళ్ళు ఈ వరసని 'ప్రచారం' అనే అరలో పెట్టి తాళం వేశారు.

తర్వాత అదే నోటితో అడుగుతారు, మీకు హాస్యం తెలియదా అని. 2012 గుర్తుందా? ఎన్.సి.ఇ.ఆర్.టి. పదకొండో తరగతి పుస్తకంలో శంకర్ 1949లో గీసిన కార్టూన్ మీద గొడవ. నత్త మీద బాబాసాహెబ్, వెనక కొరడా పట్టుకుని నెహ్రూ, చుట్టూ నవ్వుతున్న జనం. పుణేలో ఆ పాఠ్యపుస్తకం సలహాదారు ఆఫీసు మీద దాడి చేసినవాళ్ళని నేను సమర్థించను. ఆ దాడితో మనకి పైసా లాభం లేదు. కానీ ఆ వారం పత్రికలు చదివినవాళ్ళకి గుర్తుండాలి, దళితులకి హాస్యం అర్థం కాదని ఎంత తేలిగ్గా తీర్పులిచ్చారో. కొరడా బొమ్మ చూస్తే ఒకడికి రాజ్యాంగ రచన ఆలస్యం గుర్తొస్తుంది. ఇంకొకడికి వాళ్ళ తాత వీపు గుర్తొస్తుంది. ఈ తేడా ఎందుకొచ్చిందో అడగకుండా, జోకు అర్థం కాలేదనడం అజ్ఞానం.

తమ్ముడూ, ఇక నీ ప్రశ్న.

మీవాళ్ళకి సెన్సాఫ్ హ్యూమర్ లేదన్నవాడికి మూడు సంగతులు చెప్పు. ఒకటి, నేను నవ్వలేదంటే జోకు అర్థం కాక కాదు, పూర్తిగా అర్థమై. రెండు, జోకు వేసేవాడు ఎప్పుడూ నువ్వే, జోకు ఎప్పుడూ నేనే అయితే అది ఆట కాదు, వెట్టి. మూడు, మా హాస్యం నీకు వినపడలేదంటే లోపం మా నోట్లో లేదు, నీ చెవిలో ఉంది.

వాడితో వాదించి ఊరుకుంటే చాలదు. మన పని మనం చేసుకోవాలి. చిందు భాగోతంలో బుడ్డర్‌ఖాన్ వస్తే వాడకట్టంతా పొర్లి నవ్వేది. ఆ మాటలు ఎవరు రాసిపెట్టారు? మా నాయనమ్మ దొర నడకని అనుకరిస్తే కూలికెళ్ళిన ఆడవాళ్ళు నాట్లు ఆపి నవ్వేవాళ్ళట. దొర గట్టు మీదికి రాగానే నడుం వంచేవాళ్ళట. ఆ నవ్వుకి పుస్తకం లేదు, క్యాసెట్టు లేదు, అకాడమీ లేదు. మా నాయనమ్మ పోయింది. నేను రికార్డు చేసుకోలేదు. పు.ల. గొంతు నా ఫోన్‌లో గంటలకొద్దీ ఉంది, మా నాయనమ్మ గొంతు ఒక్క నిమిషం కూడా లేదు. ఈ వ్యాసం రాస్తూ నాకు బాగా కోపమొచ్చిన చోటు ఇదే. ఆ కోపం పు.ల. మీద కాదు, నా మీద.

సెలవులకి ఇంటికెళ్తే మీ అవ్వనీ తాతనీ కదిలించండి. బాధలు అడగడం మనకి అలవాటే. ఈసారి జోకులు అడగండి. దొరని ఏమనుకునేవాళ్ళు, పూజారికి ఏం పేరు పెట్టారు, కరణం మీద ఏం కట్టు కథలుండేవి. ఫోన్ ఆన్ చేసి పెట్టండి. హాస్టల్లో ఆదివారం ఒక గంట అవి వినండి. మరాఠీ వచ్చిన మిత్రులుంటే అన్నాభావు లోకనాట్యం ఒక్కటైనా తెలుగులోకి తెండి. నేనూ కూర్చుంటా.

పు.ల.ని చదవండి. నేనూ చదువుతా, ఆ గేదె కథకి మళ్ళీ నవ్వుతా. ఆయన పక్క కుర్చీ మాత్రం అన్నాభావుకి వెయ్యాలి. ఆయన దళిత రచయిత కాబట్టి కాదు. జనాన్ని నవ్వించాడు కాబట్టి.

వచ్చే భాగంలో మన తెలుగు సినిమా కామెడీ ట్రాక్ సంగతి. మీ ఊరి జోకులు కామెంట్లలో రాయండి. దొరలకి అర్థం కాకపోయినా పర్లేదు.

జై భీమ్. జై సావిత్రీ. జై జోతీ.